కుక్కకి తెలియదు, మనకి తెలుసు

కార్తీక సోమవారం కదా అని ఆ రోజు నాలుగున్నరకే లేచాను. తలస్నానం చేసి, తులసి కోట దగ్గర దీపం పెడదామని ప్రమిద పట్టుకుని పెరట్లోకి వెళ్తే కాలికి మెత్తగా ఏదో తగిలింది. ఫోన్ లైటు వేసి చూస్తే మా డేగ పుంజు. మెడ వాలిపోయి ఉంది. దాని చుట్టూ బారెడు మేర ఎర్రటి ఈకలు. గూటి దగ్గర మూడు గ్రామప్రియ పెట్టలు, బావి గట్టు కింద ఒక నాటు పెట్ట. గూటికి కట్టిన జాలీ ఒక మూల నుంచి చిరిగి వేలాడుతోంది.

అప్పుడు బావి వెనక ఏదో కదిలింది. పక్కింటి వాళ్ళ కుక్క. దాని నోట్లో మా నల్ల పెట్ట ఇంకా రెక్కలు కొట్టుకుంటోంది. నేను కేక పెట్టానే గానీ కాళ్ళు కదల్లేదు. ఆ కేకకి మా అత్తయ్య లోపల్నుంచి వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వచ్చిన ఊపున నేరుగా వెళ్ళి పెట్ట కాళ్ళు రెండూ పట్టుకుని లాగేశారు. కుక్క వదిలేసింది. మా వైపు ఒకసారి చూసి, తోక ఊపి, గోడ మీదకి గెంతి అటు దూకేసింది.

ఆ తోక ఊపడం నేను చాలా రోజులు మర్చిపోలేకపోయాను. దానికి మా మీద కోపమేమీ లేదు. తప్పు చేశానన్న భయమూ లేదు. దాని లెక్కలో అది ఆట.

మేం ఉండేది విశాఖలో వేపగుంట దగ్గర, మేడ ఎక్కితే సింహాచలం కొండ కనిపించే చోట. చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి గానీ మా వీధిలో ఇంకా నాలుగైదు పాత ఇళ్ళకి పెరళ్ళు ఉన్నాయి. మా అత్తయ్యది చోడవరం వైపు పల్లె. మామయ్య పోయాక మా దగ్గరకి వచ్చేటప్పుడు ఒక గంపలో బట్టలు, ఇంకో గంపలో రెండు నాటు పెట్టలు తెచ్చుకున్నారు. ఆ రెండే పొదిగి, పిల్లలై, పోయినవి పోగా ఆ సోమవారానికి మా పెరట్లో తొమ్మిది ఉన్నాయి. ఒక డేగ పుంజు, ఐదు నాటు పెట్టలు, మూడు గ్రామప్రియలు. గ్రామప్రియ అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరట్లో పెంచుకోవడానికే తయారు చేసిన జాతి. గుడ్లు బాగా పెడతాయి. నాటు పెట్ట ఏడాదికి డెబ్బై, ఎనభై పెడితే గొప్ప. కాకపోతే పిల్లల్ని పొదిగి, వెంటేసుకుని, గెద్ద నీడ పడగానే రెక్కల కిందకి లాక్కునేది నాటు పెట్టే.

కోళ్ళు పెంచడమంటే పెరట్లో నూకలు చల్లి వదిలేయడం అనుకునేదాన్ని పెళ్ళయిన కొత్తలో. అత్తయ్యని చూశాక తెలిసింది. కొక్కెర తెగులు వస్తే గూడు గూడంతా రెండు మూడు రోజుల్లో ఖాళీ అయిపోతుంది, అందుకని పిల్లలు పుట్టిన వారం లోపే కంట్లో చుక్కల మందు వేయిస్తారు. కొండ దగ్గర కాబట్టి ముంగిసలు వస్తాయి. పగలు గెద్దలు. వానాకాలం పాములు. పిల్లి అయితే పిల్లల్ని ఒక్కొక్కటే ఎత్తుకుపోతుంది. వీటన్నిటికీ ఆవిడ దగ్గర ఏదో ఒక ఉపాయం ఉంది. పక్కింటి కుక్కకి మాత్రం లేదు, ఎందుకంటే పక్కింటి వాళ్ళని శత్రువులుగా ఎప్పుడూ అనుకోలేదు.

చచ్చిపోయిన ఐదింటిలో ఒక్కదాన్ని కూడా కుక్క తినలేదు. దీన్ని బట్టే చంపింది కుక్క అని ఎవరైనా చెప్పేయొచ్చట. ఆకలేసిన ముంగిసో పిల్లో అయితే మామూలుగా తనకి కావలసినంత తింటుంది, పట్టుకుపోతుంది. ఇంట్లో కడుపు నిండా తినే కుక్కకి కోడి మాంసం అక్కర్లేదు. దాన్ని లాగేది ఆ రెక్కల కదలిక. టపటపా కొట్టుకునేదాన్ని పట్టుకుని విదిలిస్తుంది, అది కదలడం మానేయగానే వదిలేసి కదిలే ఇంకోదాని మీద పడుతుంది. గూట్లో ఎన్ని ఉంటే అన్నీ అయ్యేదాకా ఆగదు. మా కోళ్ళలో నిజంగా సురక్షితంగా మిగిలినవి మూడు. ఎంత పిలిచినా గూట్లోకి రాకుండా మునగ చెట్టు మీదే పడుకునే మూడు మొండి నాటు పెట్టలు. మేం భద్రం అనుకుని మూసిన గూడే మిగతావాటికి తప్పించుకునే దారి లేకుండా చేసింది. చీకటి పడితే కోడికి కళ్ళు సరిగ్గా కనిపించవు. ఎటు పారిపోతుంది?

నల్ల పెట్టని అత్తయ్య ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. వీపు మీద అరచేయంత మేర చర్మం లేచిపోయి, లోపల ఎర్రటి కండ కనబడుతోంది. రెక్క కింద రెండు పళ్ళ గాట్లు. పైకి చూస్తే ఆ గాట్లు చిన్నవి, కానీ చీము పట్టేది అక్కడే. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్ళు ఒక సిరంజితో ఆ గాట్లలోకి కొట్టి కడిగాం. అంటుకుపోయిన ఈకల్ని కత్తెరతో చుట్టూ కత్తిరించాం. పసుపు అద్దాం. మధ్యాహ్నం పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే యాంటీబయాటిక్ ఇచ్చి, ఈగలు వాలనివ్వకండి, పురుగు పడితే బతకదు అన్నారు. ఒక పెద్ద అట్టపెట్టెలో గడ్డి వేసి, పాత నూలు చీర కప్పి, వంటింట్లో గ్యాస్ బండ పక్కన పెట్టాం. కుక్క నోట్లో పడిన కోడి గాయాలకే చావదు, భయానికి కూడా చచ్చిపోతుంది, ఒక్కోసారి అంతా బాగుందనుకున్న రాత్రే. మూడు రోజులు అది కళ్ళు మూసుకునే ఉంది. నాలుగో రోజు పొద్దున్న నేను బియ్యం కడుగుతుంటే పెట్టెలోంచి తల పైకెత్తి చూసింది. అత్తయ్య నాలుగు నూకలు చేతిలో పెట్టుకుని చూపిస్తే ఒక్కటి పొడిచింది. ఆవిడ అప్పుడు ఏడ్చారు. అంతవరకు ఏడవలేదు.

పక్కింటి అన్నయ్యగారి గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఆయన చెడ్డవారు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా రెండిళ్ళ మధ్య గోడ మొత్తం పడిపోయింది. విశాఖలో ఉన్న వాళ్ళకి ఆ రోజులు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, చెట్టన్నది లేదు. ఎక్కడి నుంచో ఒక జనరేటర్ తెచ్చి ఆయన తన ట్యాంకుతో పాటు మా ట్యాంకూ నింపారు. తర్వాత గోడ మళ్ళీ కట్టేటప్పుడు ఇద్దరం అనుకునే నాలుగడుగులకి ఆపాం. మాట్లాడుకోవడానికి, గిన్నె అందించుకోవడానికి బాగుంటుందని. ఆ కుక్క దూకింది ఆ నాలుగడుగుల గోడే.

ఆ రోజు సాయంత్రం నేనూ అత్తయ్యా వెళ్ళి చెప్పాం. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో, రాత్రి పెరటి వైపు గేటు సరిగ్గా పడలేదేమో" అన్నారు. వెంటనే, "అయినా కుక్కండీ, దానికేం తెలుస్తుంది? కోడి కనబడితే ఊరుకుంటుందా? దాని బుద్ధి అది. ఎంతయిందో చెప్పండి, ఇచ్చేస్తాను" అన్నారు.

అత్తయ్య అన్న మాట ఒక్కటే. "డబ్బులేటి సేసుకుంతాను బాబూ. నీ గేటుకి గెడ ఎట్టించు."

"దాని బుద్ధి అది" అన్న మాట అప్పటి నుంచి నేను వినని రోజు లేదు. వీధిలో అన్నారు, ఆఫీసులో అన్నారు, మా చుట్టాలూ అన్నారు. అందరూ దాన్ని కేసు కొట్టేసే మాటలా అన్నారు. నాకు మాత్రం ఆ మాటలోనే అసలు బాధ్యత ఎవరిదో తేలిపోయిందనిపిస్తుంది. కుక్కకి తెలియదు, నిజమే. కోడిని చూస్తే ఆగలేదు, అదీ నిజమే. ఆ రెండూ పెంచే వాళ్ళకి తెలుసు కదా! గ్యాస్‌కి అంటుకునే గుణం ఉందని తెలిసే కదా మనం రెగ్యులేటర్ కట్టేసి పడుకుంటాం. తెలిసిన గుణానికి తగ్గ జాగ్రత్త తీసుకోవడమే పెంచడమంటే. కుక్కని తిట్టి లాభం లేదని అందరం ఒప్పుకున్నాక, గేటు వేయని మనిషిని కూడా ఏమీ అనకూడదంటే ఎలా? అప్పుడు ఐదు కోళ్ళు తమంతట తామే చచ్చిపోయినట్టు లెక్క.

ఈ మాట నేను గట్టిగా అనడానికి ఇంకో కారణం ఉంది. రెండేళ్ళ కిందట మా పెట్టలే గోడ దాటి వెళ్ళి పక్కింటి వదినగారి కొత్తిమీర మడి, కనకాంబరాల నారు మొత్తం కెలికేశాయి. కోడి బుద్ధి గోకడం. నేల కనిపిస్తే గోకుతుంది, దానికి కొత్తిమీరని తెలియదు. వదినగారు కోపంగానే వచ్చారు. అత్తయ్య "కోడి కదమ్మా, దాని బుద్ధి అది" అనలేదు. ఆ మధ్యాహ్నమే ఒక్కో కోడిని పట్టుకుని ఒక పక్క రెక్క ఈకల చివర్లు కత్తిరించారు, ఎగిరితే ఒరిగిపోయి గోడ దాటలేకుండా. ఆ మర్నాడు వదినగారింటికి కొత్త నారు కొని పంపారు. అవి గ్రామప్రియలు, నాటు పెట్టలు అని చూడకుండా అన్నిటికీ కత్తిరించేశారు. మునగ చెట్టు మీద ఉన్న మూడూ బతికాయంటే, ఆ తర్వాత వాటికి కొత్త ఈకలొచ్చి మళ్ళీ ఎగరగలిగాయి కాబట్టే. మాకు వర్తించిన నియమమే పక్క వాళ్ళకీ వర్తించాలని అడగడం పంతం కాదు కదా.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట ఇంకోటి. "ఎలాగూ కోసుకు తినేవే కదా, ఇంత బాధ ఎందుకు?" ఒకరైతే "కూర వండేసుకోవాల్సింది" అన్నారు. కార్తీక మాసమని, ఇంట్లో నీచు ముట్టమని కూడా ఆలోచించలేదు ఆవిడ. దీని మీద నేను చాలా ఆలోచించాను, ఎందుకంటే మేం కోడి తింటాం. సంక్రాంతికి మా ఇంట్లో నాటుకోడి పులుసు, గారెలు ఉండాల్సిందే. మరి నాకు బాధపడే హక్కు లేదా?

ఉంది. కోయడం వేరు, ఇది వేరు. అత్తయ్య ఏ కోడిని ఎప్పుడు కోయాలో తనే ఎంచుతారు. గుడ్లు పెట్టే పెట్టని, పిల్లల తల్లిని ముట్టుకోనివ్వరు. కోసే వాళ్ళకి కత్తి పదును ఉందో లేదో చూసి ఇస్తారు. ముందు రోజు రాత్రి దాన్ని గంప కింద విడిగా పెట్టి కంగారు లేకుండా చూస్తారు. చావు ఒక్క నిమిషంలో అయిపోవాలి, మిగతావి చూడకూడదు. ఆ రాత్రి మా పెరట్లో ఐదు కోళ్ళు ఒకదాని చావు ఇంకోటి వింటూ, చీకట్లో గోడలకి కొట్టుకుంటూ చచ్చిపోయాయి. మిగిలిన పెట్టలు దాదాపు నెల రోజులు ఒక్క గుడ్డు పెట్టలేదు. రాలిన కొబ్బరి మట్ట చప్పుడుకి కూడా చెట్టెక్కేసేవి. తినే జంతువు కాబట్టి అది ఎలా చచ్చినా ఒకటే అనుకుంటే, ఇక దాన్ని పెంచుతున్నామని చెప్పుకోకూడదు.

డబ్బు సంగతి కూడా అంతే. కిలో లెక్కన నాటుకోడి ధర కట్టి ఇచ్చేస్తే తీరిపోతుందని ఆయన అనుకున్నారు. ఆ డేగ పుంజుని అంతకుముందు ఏడాది సంక్రాంతికి పందేనికి ఇమ్మని ఎవరో వచ్చి అత్తయ్య అడిగినంత ఇస్తామంటే ఆవిడ ఇవ్వలేదు. పోయిన నాటు పెట్ట వచ్చే వేసవికి పదిమంది పిల్లల తల్లి అయ్యేది. పైగా మా ఇంట్లో గుడ్ల డబ్బు అత్తయ్యది. మా ఆయన జీతంలోంచి కాదు, నా జీతంలోంచి కాదు, ఆవిడ సొంతం. మనవరాలికి కాలి పట్టీలు ఆ డబ్బుతోనే కొన్నారు. పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్ళకి చేతిలో ఆడే డబ్బు కోళ్ళదో పెంచిన వాళ్ళకి తెలుసు. దాన్ని "నాలుగు కోళ్ళు" అని తీసిపారేస్తే నాకు మండుతుంది.

ఇక సూది మాట. పెట్టని లాగేటప్పుడు అత్తయ్య మణికట్టు మీద కుక్క పన్ను గీరింది. సన్నటి గీత, రక్తం చుక్కలు చుక్కలుగా వచ్చింది. హడావిడిలో ఆవిడ చెప్పలేదు, నేను చూడలేదు. గంట తర్వాత కాఫీ ఇస్తుంటే కనిపించింది. వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగాం, ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కుక్కకి రేబిస్ టీకా వేయించారా అని అడిగితే పక్కింట్లో పోయినేడు వేయించినట్టు గుర్తు అన్నారే గానీ కార్డు చూపించలేకపోయారు. అందుకని అత్తయ్యకి వ్యాక్సిన్ మొదలుపెట్టారు. చర్మం పొరలోనే రెండు చేతులకీ వేసే పద్ధతిలో ఆ రోజు, ఆపైన 3, 7, 28 రోజులకి వెళ్ళాలి. నాలుగుసార్లూ నేను సెలవు పెట్టి తీసుకెళ్ళాను. రేబిస్ ఒకసారి పైకి తేలితే మందు లేదు, అందుకే గీరుడే కదా అని ఊరుకోకూడదు. కుక్క నోట్లోంచి దేన్నీ చేత్తో లాగకూడదని కూడా అప్పుడే తెలుసుకున్నాం. బకెట్ నీళ్ళు మొహాన కొట్టాలి, లేదా దుప్పటి విసరాలి.

ఈ సూది మాట చెప్పగానే అందరి మొహాలు మారిపోయాయి. కోళ్ళు పోయాయంటే నవ్విన వాళ్ళే "అమ్మో, పెద్దావిడకి తగిలిందా, ఊరుకోకండి" అన్నారు. చట్టం కూడా అలాగే చూస్తుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. పెంచుకునే జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గానీ, మనిషికి తీవ్రమైన గాయం గానీ కలిగే అవకాశం ఉండి కూడా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. అందులో ఉన్నది మనిషి గురించే. పక్క వాళ్ళ కోడి గురించి లేదు. నేను కేసు పెట్టలేదు, పెట్టాలని అనుకోనూ లేదు. కానీ ఒకటి అడగాలనిపిస్తుంది. ఈరోజు కోడి మీదకి గోడ దూకిన కుక్క రేపు పెరట్లో ఆడుకునే పిల్ల మీదకి దూకదని ఎవరు హామీ ఇస్తారు? దూకాలని నేను అనడం లేదు. మనిషికి తగిలేదాకా ఆగి అప్పుడు మాట్లాడటం ఆలస్యం అంటున్నాను. కోడి పోయినప్పుడే గేటు సంగతి మాట్లాడుకోవాలి.

వీధికుక్కల గొడవ దీంతో కలిపేసే వాళ్ళు కూడా చాలామంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చినప్పటి నుంచి ఎక్కడ కుక్క మాట వచ్చినా చర్చ అటే పోతోంది. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవి, మీదపడే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని పట్టుకున్న చోటే వదలాలన్నది ఆ ఉత్తర్వు. వీధికుక్కకి యజమాని లేడు కాబట్టి కార్పొరేషన్ చూడాలి. మా గోడ దూకిన కుక్కకి ఇల్లుంది, గేటుంది, మెడలో బెల్టుంది.

ఆ వారంలోనే ఇద్దరు ముగ్గురు మెల్లిగా మా ఆయన చెవిలో వేసిన సలహా గురించి రాయకుండా ఉండలేను. అన్నంలో ఏదో కలిపి గోడ అవతల వేసేయమని. నైట్ డ్యూటీ చేసి వచ్చి పుంజుని పాతిపెట్టిన మనిషి, కోపంలో ఉన్నాడు, ఒక్క క్షణం ఆలోచించాడని నాకు తెలుసు. అత్తయ్య విని, "దానికి మన మీద పగా ఏటి? అది సావడానికి గిలగిల్లాడతంటే నువ్ సూడగలవా?" అని అడిగారు. అంతటితో ఆ మాట ఆగిపోయింది. చట్టమూ ఆవిడ పక్కనే ఉంది. అదే న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో పది రూపాయల జంతువుకి ఒక శిక్ష, యాభై రూపాయల జంతువుకి ఇంకో శిక్ష అని ధర లెక్క ఉండేది. కొత్తదాంట్లో ఆ లెక్క తీసేశారు. మంచి పని చేశారు.

విషం మాట వచ్చిన తర్వాతే నేను ఆ కుక్కని సరిగ్గా చూడటం మొదలుపెట్టాను. మా మేడ మీద నుంచి వాళ్ళ వాకిలి కనిపిస్తుంది. గేటు పక్కన ఇనుప కొక్కేనికి కట్టేసి ఉంటుంది. ఆ గొలుసు ఎంత దూరం సాగుతుందో అంత మేర నేల గుండ్రంగా అరిగిపోయి, గడ్డి పోచ లేకుండా, పెనంలా నున్నగా అయిపోయింది. చుట్టూ ఉన్న గడ్డి పచ్చగా ఉంది. పొద్దున్న ఏడింటి నుంచి రాత్రి పది వరకు ఆ గుండ్రంలోనే దాని బతుకు. మధ్యాహ్నం నీడ గోడ వైపు జరిగితే గొలుసు అక్కడిదాకా అందదు. రాత్రి పదికి విప్పుతారు, కాపలాకని. పదిహేను గంటలు కట్టేసిన ప్రాణాన్ని చీకట్లో వదిలితే ఏం చేస్తుంది? ఎటు కదలిక ఉంటే అటు పరిగెడుతుంది. గోడ అవతల కోళ్ళ గూట్లో రెక్క కదిలింది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో దీని గురించి ఉందని చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. మరీ కురచ గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం హింస. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడం కూడా హింసేనని విడిగా రాసి ఉంది. అరవై ఏళ్ళ పైబడిన చట్టం. అంటే మా కోళ్ళకి జరిగింది, ఆ కుక్కకి రోజూ జరుగుతున్నది, రెండూ ఒకే నిర్లక్ష్యం లోంచి వచ్చినవి. అప్పటి నుంచి అన్నయ్యగారితో నా మాట మారింది. మొదటిసారి మా కోళ్ళ కోసం వెళ్ళాను, రెండోసారి వాళ్ళ కుక్క కోసం కూడా వెళ్ళాను. అదీ గొడవ జరిగిన రోజు కాదు, పది రోజులు ఆగి, ఒక ఆదివారం, వదినగారు కూడా ఉన్నప్పుడు. సాయంత్రం ఒక అరగంట తిప్పండి, రాత్రి గేటుకి బోల్టు వేయండి, టీకా కార్డు తీసి పెట్టుకోండి, అని మూడే అడిగాను. ఆయన సారీ చెప్పలేదు. మొహం ముడుచుకునే విన్నారు. వదినగారు మాత్రం "బోల్టు నేను పెట్టిస్తాను" అన్నారు.

ఈలోగా మా పని మేం చేసుకున్నాం. "తప్పు వాళ్ళదైతే ఖర్చు మనమెందుకు పెట్టాలి?" అని మా ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్ళు మారతారా లేదా అన్నది తేలేలోపు రాత్రి అయిపోతుంది, రాత్రికి గూట్లో కోళ్ళుంటాయి. తప్పు ఎవరిదో తేల్చడం ఒక పని, ఈ రాత్రి కోడిని కాపాడటం ఇంకో పని. మొదటిది ఆగినా రెండోది ఆగదు.

మా పాత గూటికి కట్టింది సన్న తీగతో అల్లిన కోళ్ళ జాలీ. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అది కోళ్ళు బయటకి పోకుండా ఆపుతుందే గానీ, కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. పళ్ళతో లాగితే దారంలా విడిపోతుంది. గోపాలపట్నంలో ఇనప సామాన్ల కొట్టులో అరంగుళం గళ్ళున్న వెల్డ్ మెష్, అంటే తీగలు కలిసే ప్రతిచోటా అతికిన గట్టి ఇనప జాలీ, కొన్నాం. సరుగుడు కర్రలు పాతి, మెష్‌ని మేకులతో కాకుండా వాషరు వేసి స్క్రూలతో బిగించాం, మేకు అయితే ఊడి వచ్చేస్తుంది. కుక్క తవ్వుతుంది కాబట్టి మెష్‌ని నేల దగ్గర ఆపేయకుండా బయట వైపుకి రెండడుగులు పరిచి, పైన మట్టి, రాళ్ళు వేశాం. గూటి గోడ మొదట్లో తవ్వబోతే పంజాకి జాలీ తగులుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి అక్కడి నుంచి తవ్వాలన్న ఆలోచన కుక్కకి రాదు. తలుపుకి కొక్కెం తీసేసి గడియ, గడియకి అడ్డంగా ఒక పిన్ను. కుక్క ముక్కుతో ఎత్తితే కొక్కెం లేచిపోతుంది. పైన కూడా మెష్ వేశాం. లోపల మూడడుగుల ఎత్తున అడ్డకర్ర, కోళ్ళు నేల మీద పడుకోకుండా.

గోడ మీద గాజు పెంకులు పెట్టించమని మేస్త్రి అన్నాడు. వద్దన్నాం. కుక్క పొట్ట చీరుకుపోతుంది, రేపు బంతి కోసం ఎక్కిన పిల్లాడి చేయి తెగుతుంది. దాని బదులు మా ఆయన ఒక పని చేశాడు. గోడ మీద రెండు చివర్లా ఇనప పట్టీలు బిగించి, మధ్యలో గట్టి తీగ లాగి, ఆ తీగని లావుపాటి పీవీసీ పైపు ముక్కల్లోంచి పోనిచ్చాడు. కుక్క గోడ దూకేటప్పుడు ఒకేసారి అటు పడదు, ముందు కాళ్ళు గోడ అంచు మీద వేసి ఒళ్ళు పైకి లాక్కుంటుంది. పైపు మీద కాలు వేస్తే అది గిర్రున తిరుగుతుంది, పట్టు దొరకదు, కిందకి జారిపోతుంది. దెబ్బ తగలదు. రెండుసార్లు ప్రయత్నించి మానేసిందని గోడ మీద గోళ్ళ గీతలు చూస్తే తెలిసింది. మొత్తం ఆరు వేల ఎనిమిది వందలు అయింది. కారం చల్లడం, దిష్టిబొమ్మ పెట్టడం, మెరిసే కాగితాలు కట్టడం కూడా చెప్పారు కొందరు. కారం ఒక్క మంచుకి తడిసి పోతుంది. మిగతావాటికి కుక్క వారంలో అలవాటు పడిపోతుంది.

ఇప్పుడు కోళ్ళని పెరట్లోకి వదిలేది సాయంత్రం నాలుగింటికి, అత్తయ్య పూలు కట్టుకుంటూ మెట్ల మీద కూర్చున్నప్పుడే. చీకటి పడేసరికి అవే గూట్లోకి వస్తాయి. మునగ చెట్టు మీద మూడూ కూడా, చెట్టు కొమ్మలు కొట్టించాక, దారికొచ్చాయి. చెట్టు వాటిని కాపాడిందని నాకు కొట్టించడం ఇష్టం లేదు, కానీ పిల్లలు పుడితే వాటినీ చెట్టెక్కించలేవు కదా అన్నారు అత్తయ్య.

నల్ల పెట్ట వీపు మీద కొత్త ఈకలు మొలిచాయి. సంక్రాంతి వెళ్ళిన వారానికి అది పొదుగుకి కూర్చుంది. అత్తయ్య ఎప్పుడూ బేసి సంఖ్యే వేస్తారు, ఈసారి మా పుంజు లేదు కాబట్టి బయట నుంచి తెచ్చిన పదకొండు గుడ్లు వేశారు. ఇరవై ఒక్క రోజులు. ఈరోజుకి పద్నాలుగు అయింది.

పక్కింటి గేటుకి బోల్టు పడింది. సాయంత్రం ఐదున్నరకి వాళ్ళ అబ్బాయి, ఎనిమిదో తరగతి, కుక్కని తాడుతో తిప్పుతున్నాడు. రోజూ కాదు, ట్యూషన్ లేని రోజుల్లో. మా పెరటి గుమ్మం ముందుకి వచ్చేసరికి అది ఆగి, చెవులు నిక్కబొడుచుకుని, గూటి వైపే చూస్తూ తాడు లాగుతుంది. అబ్బాయి జారిపోతాడేమో అన్నంత లాగుతుంది. నిన్న అత్తయ్య పూలబుట్ట పక్కన పెట్టి, మెట్లు దిగి గుమ్మం దాకా వెళ్ళారు.

"తాడు సేతికి సుట్టుకోకు నాన్నా, పడిపోతావు. కురసగా పట్టుకో. ఆఁ, అలాగ."